మాత్రలు ఎగ్గొట్టే నాన్న

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్ళు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా "వేసుకున్నానమ్మా" అంటారు. మొన్న ఊరెళ్ళి చూస్తే నెల క్రితం కొన్న షీట్లలో సగం మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే "ఒంట్లో బాగానే ఉంది, ఊరికే మందులు మింగితే కిడ్నీలు పోతాయి" అని కోప్పడ్డారు. పై బీపీ 170 ఉంది. అమ్మ మాట అసలు వినరు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు "వేసుకున్నారా?" అని అడగడం మానేయండమ్మా. అలా అడిగితే ఎవరైనా వేసుకున్నాననే అంటారు, డాక్టరు దగ్గర కూడా అదే మాట. "ఈ వారం ఎన్నిసార్లు మర్చిపోయారు నాన్నా?" అని మామూలుగా అడగండి, అసలు సంగతి బయటికొస్తుంది. మీ నాన్నగారొక్కరే కాదు, ధనిక దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళలో సుమారు సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ఇక కిడ్నీల భయం. చాలా ఇళ్ళలో వినే మాటే ఇది, కానీ అదుపులో లేని బీపీ, షుగరే కిడ్నీలను పాడుచేస్తాయి. మోకాళ్ళ నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి బిళ్ళల గురించి మాత్రం భయపడాల్సిందే, ఆయన అవి వాడుతున్నారేమో చూడండి. మీరు వాదించొద్దు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, రిపోర్టు చూపించి డాక్టరు చేతే చెప్పించండి. ఇంట్లో బీపీ మిషన్ పెట్టి ఆయన చేతనే రోజూ అంకె క్యాలెండర్ మీద రాయించండి, ఎందుకంటే బీపీకి నొప్పీ గిప్పీ ఉండదు, బాగానే ఉంది అనిపిస్తూనే ఉంటుంది.

ఆయన చెప్పని కారణం ఇంకేదైనా ఉందేమో కూడా చూడండి. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది, మూత్రం ఎక్కువయ్యే మాత్ర వేసుకుంటే బస్సు ప్రయాణం నరకం. ఇవన్నీ డాక్టరు మందు మార్చో, వేళ మార్చో సర్దగలిగినవే. ఖర్చు సమస్యైతే జన ఔషధి షాపుల్లో చవగ్గా దొరుకుతాయి, బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా కూడా ఇస్తారు. కాకపోతే పాత కంపెనీదీ కొత్త కంపెనీదీ పేర్లు వేరు, లోపలి మందు ఒకటే అయి రెండూ మింగేసేవాళ్ళున్నారు, జాగ్రత్త.

ముఖ్యమైన మాట ఒకటి. సగం రోజులు ఎగ్గొట్టారని డాక్టరుకి దాచకుండా చెప్పండి. మందు పనిచేయట్లేదనుకుని డాక్టరు ఇప్పటికే డోసు పెంచి ఉంటే, రేపట్నుంచి మీరు దగ్గరుండి అన్నీ ఒకేసారి వేయించినప్పుడు బీపీ, షుగర్ బాగా పడిపోవచ్చు. 170 అంటే ఈ వారంలోనే చూపించండి. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక వైపు చెయ్యి కాలు చచ్చుబడటం లాంటివి కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మిగతావి చిన్న పనులు. వారానికి సరిపడా గడులున్న డబ్బా కొని, భోజనాల బల్ల మీద పెట్టండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే షుగర్ బాగా తగ్గి, చెమటలు పట్టి పడిపోవచ్చు, కాబట్టి ముందే డాక్టర్ని అడగాలి. అమ్మని మాత్రం కాపలా పెట్టకండి, పాపం రోజూ గొడవ ఆవిడ నెత్తిన పడుతుంది.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర పొద్దున్నే కాఫీతో వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే దానికీ వీటికీ 4 గంటల తేడా ఉంచండి.