నాన్నమ్మ మీద బెంగతో క్లినికల్ రీసెర్చ్ అంటోంది, పంపొచ్చా? గాజువాక తండ్రి గారికి జవాబు

గాజువాక నుంచి ఒక తండ్రి గారు రాశారు. వాళ్లమ్మాయి ఈ ఏడాది ఫార్మ్ డి, అంటే ఆరేళ్ల ఫార్మసీ కోర్సు, పూర్తి చేసింది. ఆయన తల్లిగారు పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుతో తొమ్మిదేళ్లు మంచాన ఉండి కన్నుమూశారు, అప్పట్నుంచీ పిల్లకి నరాల జబ్బుల కొత్త మందుల ట్రయల్స్‌లోనే, అంటే ఆ మందుల్ని పేషెంట్ల మీద పరీక్షించే చోటే, పని చెయ్యాలని పట్టు. వైజాగ్‌లోనే ఒక ఆస్పత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరతానంటోంది, జీతం పద్దెనిమిది వేలు. ఈయనేమో హైదరాబాద్‌లో క్లినికల్ సాస్ అంటే ట్రయల్స్ లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేరూ, ఫార్మకోవిజిలెన్స్ అంటే మందుల దుష్ప్రభావాల్ని గమనించే పనీ, ఏఐ కలిపి ఆరు నెలల కోర్సు ఉంది, రెండు లక్షల పదివేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు, దాంట్లో వేద్దామనుకుంటున్నారు. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఇలా రాశారు: "ఆరేళ్లు చదివి మనుషుల మీద ప్రయోగాలు చేసే ఉద్యోగం అంటే చుట్టాలకి ఏం చెప్పుకోవాలండీ?"

సార్, పోలిక తప్పకుండా చెప్తాను, కానీ మీ ఉత్తరంలో కోర్సు గురించి నాలుగు లైన్లే ఉన్నాయి, మిగతాదంతా చుట్టాలూ అమ్మగారూనే. ద్వారకానగర్‌లో నా దగ్గరికి ఏటా జూన్, జూలైల్లో ఫార్మసీ పిల్లల తల్లిదండ్రులు వస్తూనే ఉంటారు, అందరూ జీతం దగ్గరే మొదలుపెడతారు, పావుగంట మాట్లాడాక అసలు భయం బయటపడుతుంది. మీ భయం నాకు అర్థమైంది. పిల్ల బెంగలో ఉండి నిర్ణయం తీసుకుంటోంది, రేపు ఆ బెంగ తగ్గిపోయాక చేతిలో మంచి ఉద్యోగం ఉండదు, డాక్టరన్న పేరూ ఉండదు, అప్పుడు మిమ్మల్నే అంటుంది, నాన్నా నువ్వైనా ఆపలేదేంటి అని. అంతేనా? అయితే దీనికే ముందు జవాబు చెప్పాలి.

మీరు ఉత్తరంలో ఒక మాట అలా రాసి వదిలేశారు, నేను దాని దగ్గరే ఆగిపోయాను. అమ్మగారికి ఏ టైముకి మాత్ర వేశారు, ఎంతసేపటికి చెయ్యి వణుకు తగ్గింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది, ఇదంతా పిల్ల ఒక లాంగ్‌నోట్ బుక్కులో రాసేదని, "ఎందుకొచ్చిన రాతలే" అని మీరు విసుక్కునేవారని. సార్, పార్కిన్సన్స్ మందుల ట్రయల్స్‌లో పేషెంట్ చేత సరిగ్గా ఈ రాతలే రాయిస్తారు. దాన్ని డైరీ అంటారు. రోజు మొత్తాన్ని అరగంటకో గడిగా విడగొట్టి, ఈ అరగంట మందు పనిచేసిందా, లేదా ఒళ్లు బిగుసుకుపోయిందా, ఒళ్లు తనంతట తను ఊగిందా, నిద్రపోయారా అని ఒక్కో గడిలో టిక్కు పెట్టాలి. కొత్త మందుతో ఒళ్లు బిగుసుకుపోయే టైము రోజుకి ఎంత తగ్గిందో ఆ టిక్కుల్లోంచే తేలుస్తారు. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఇంట్లో ఆ పని చేసింది, మీరు విసుక్కున్నారు. ఇది మాత్రం మీ తప్పే.

బెంగతో వచ్చినంత మాత్రాన ఈ దారి తప్పయిపోదు. కాకపోతే ఒక్క బెంగ మీదే ఈ పని నడవదు, అది అమ్మాయికి చెప్పాలి. పని ఎలా ఉంటుందో చెప్తాను చూడండి. పార్కిన్సన్స్ ట్రయల్లో కొన్ని విజిట్లకి పేషెంట్ పొద్దున మాత్ర వేసుకోకుండా రావాలి, రాత్రి నుంచి మందు లేకుండా ఉన్నప్పుడు ఒంటి పరిస్థితి ఏంటో డాక్టర్ చూడాలి కాబట్టి. ఆ టైములో ఆ మనిషి కుర్చీలోంచి లేవలేడు, గొంతు రాదు. ఆయన్ని భీమిలి నుంచో ఆనందపురం నుంచో ఏడున్నరకల్లా రప్పించాలి, ఆటో దగ్గర్నుంచి లోపలికి పట్టుకుని తీసుకురావాలి, డాక్టర్ వచ్చి బొటనవేలూ చూపుడువేలూ టకటకా కొట్టమని చూసి మార్కులు వేసేదాకా పక్కన ఉండాలి, అదవగానే మాత్ర వేయించి టిఫిన్ పెట్టించాలి. తర్వాత ఆయన భార్య సంచీలోంచి తీసిన స్ట్రిప్పుల్లో మిగిలిన మాత్రలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఇరవై ఎనిమిది ఇచ్చాం, నాలుగు మిగలాలి, ఏడున్నాయి, ఆ మూడూ ఏ రోజుల్లో మానేశారమ్మా అని కసురుకోకుండా అడిగి రాబట్టాలి. వచ్చిన జవాబు అప్పుడే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే కుదరదు. తప్పు రాస్తే వైట్‌నర్ పుయ్యకూడదు, కింద ఏముందో కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. ఇలా నెలల తరబడి. అమ్మాయికి ఈ పని విసుగనిపిస్తే మాత్రం నాన్నమ్మ మీద ఎంత ప్రేమున్నా వద్దని చెప్పండి.

మనుషుల మీద ప్రయోగాలు అన్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, నేను కొట్టిపారెయ్యను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు, గొడవయ్యి 2010లో కేంద్రం ఆపించింది. అలాంటివి జరిగాకే రూల్స్ బిగించారు. ఇప్పుడు 2019 రూల్స్ ప్రకారం ప్రతి ట్రయల్నీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, అందులో కనీసం ఏడుగురు ఉండాలి, వాళ్లలో ఒక లాయరూ, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషీ, కనీసం ఒక ఆడమనిషీ ఉండి తీరాలి. పేషెంట్‌కి సీరియస్‌గా ఏదన్నా అయితే 24 గంటల్లో ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులకి రిపోర్ట్ వెళ్లాలి. చదువు రాని మనిషైతే సంబంధం లేని సాక్షిని పక్కన కూర్చోబెట్టి తెలుగులో మొత్తం చదివి వినిపించాలి, పూర్తిగా కొత్త మందైతే, నిస్సహాయ స్థితిలో ఉన్న పేషెంట్ల విషయంలో అదంతా వీడియో కూడా తియ్యాలి. ఈ రూల్సన్నీ కాగితం మీద బాగానే ఉంటాయండీ, ఆ గదిలో కూర్చున్న కోఆర్డినేటర్ "ఇక్కడ సంతకం పెట్టెయ్యండి మావయ్యా" అని తొందరపెడితే అన్నీ దండగే. "ఇందులో చేరకపోయినా మీ వైద్యం ఆగదు, ఎప్పుడు మానేద్దామనుకున్నా మానెయ్యొచ్చు" అని నిదానంగా చెప్పే మనిషి అక్కడ ఉండాలి. ఆ కుర్చీలో మీ అమ్మాయిలాంటిది కూర్చోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. చుట్టాలకి ఇదే చెప్పండి.

ఇక అమ్మాయికి ఒక హెచ్చరిక, ఇది ఎవరూ చెప్పరు. నరాల జబ్బుల్లో చాలా ట్రయల్స్ ఫెయిలవుతాయి. పార్కిన్సన్స్‌కి లెవోడోపా 1960లలో వచ్చింది, ఇవాళ్టికీ ముఖ్యమైన మందు అదే, జబ్బు ముదరకుండా ఆపే మందు ఇంకా రాలేదు. ఏఎల్ఎస్ అని ఇంకో జబ్బుంది, కండరాలు ఒక్కొక్కటే పడిపోతాయి. దానికి ఒక కాంబినేషన్ మందు 137 మంది మీద చేసిన చిన్న ట్రయల్లో కాస్త పనిచేసినట్టు కనపడితే 2022లో అమెరికాలో పర్మిషన్ ఇచ్చారు, తర్వాత 664 మంది మీద పెద్ద ట్రయల్ చేస్తే ఏమీ తేడా లేదని తేలింది, 2024లో కంపెనీయే మందు వెనక్కి తీసుకుంది. ఆ 664 మందినీ 48 వారాలు చూసుకున్న కోఆర్డినేటర్లు ఎంతమందో ఆలోచించండి. వాళ్ల కష్టం వృథా అయిందా అంటే నేను కాలేదంటాను, పనిచెయ్యని మందుకి ఇంకెన్నో కుటుంబాలు ఆస్తులు అమ్ముకోకుండా ఆగాయి. గెలిచినవి కూడా చిన్న గెలుపులే. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకి లెకానెమాబ్ అనే మందు గురించి చాలా హడావుడి జరిగింది కదా, 1,795 మంది మీద 18 నెలలు చూస్తే, జబ్బు ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద తేడా 0.45, దానికి తోడు కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. ఇలాంటి ఫలితాలు చూసి గుండె జారిపోకూడదు, గొప్పగా చెప్పుకోనూ కూడదు.

అందుకే మొదటి ఏడాది నరాల జబ్బులే కావాలని పట్టు పట్టొద్దనండి. కిడ్నీ, షుగర్, బీపీ, ఏ ట్రయల్ దొరికితే దాంట్లో పని నేర్చుకోవాలి. మనకి పక్కనే ఉద్దానం ఉంది, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంటికో డయాలసిస్ పేషెంట్ ఉన్నట్టుంటుంది, కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రని 4,304 మంది కిడ్నీ పేషెంట్ల మీద పరీక్షిస్తే, షుగర్ లేనివాళ్లక్కూడా కిడ్నీ చెడిపోవడం నెమ్మదిస్తోందని 2020లో తేలింది. దీర్ఘకాలిక జబ్బుల్లో ఇలా పాత మందు కొత్త పనికి రావడం కూడా పెద్ద రీసెర్చే. అన్నీ మాత్రలే ఉండాలనీ లేదు. స్ప్రింట్ ఇండియా అని స్ట్రోక్ వచ్చినవాళ్ల మీద మన దేశంలోనే 31 ఆస్పత్రుల్లో 4,000 మందికి పైగా చేర్చుకుని, ఫోన్‌కి మెసేజ్‌లూ వీడియోలూ పంపి చూశారు, మళ్లీ స్ట్రోక్ రావడం తగ్గలేదు గానీ మందులు మానకుండా వేసుకోవడం మెరుగైంది.

ఇప్పుడు మీ రెండు లక్షల పదివేల కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. మొదటిది, సాస్ అంటే స్టాటిస్టిక్స్ చదివినవాళ్ల ఇలాకా. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసిన పిల్లాడూ, ఆరు నెలలు ప్రోగ్రామ్ బట్టీపట్టిన ఫార్మ్ డి పిల్లా ఒకే ఉద్యోగానికి వెళ్తే కంపెనీ ఎవర్ని తీసుకుంటుందో మీకే తెలుసు. రెండోది, ఫార్మకోవిజిలెన్స్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఎక్కువగా ఇచ్చే పని ఏంటంటే, ఫలానా మందు వేసుకుంటే దద్దుర్లు వచ్చాయని వచ్చిన మెయిళ్లు చదివి వివరాలు డేటాబేస్‌లో ఎక్కించడం. సాఫ్ట్‌వేర్ ముందుగా తినేసేది సరిగ్గా ఆ పనినే, కంపెనీలు ఇప్పటికే వాడుతున్నాయి. ఏఐ నేర్పిస్తాం రండి అని పిలుస్తున్న కోర్సు, ఏఐ మింగేసే ఉద్యోగానికే పిల్లల్ని తయారుచేస్తోంది. ఇది ఏ ఇన్‌స్టిట్యూటూ చెప్పదు. మూడోది గ్యారంటీ. పోయినేడు అనకాపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, తల్లి గాజులు కుదువపెట్టి ఇలాంటి కోర్సే చేయించింది. కాగితం తెప్పించి చూస్తే గ్యారంటీ అన్న మాటే లేదు, ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంది. అసిస్టెన్స్ అంటే మూడు కంపెనీల మెయిల్ ఐడీలు పంపారు. ఆ తల్లి నా ఎదురుగా కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఈ కోర్సుల పేరెత్తితే నాకు కోపం వస్తుంది, ఆ కోపం మీ మీద చూపిస్తే క్షమించండి.

కోఆర్డినేటర్‌గా చేరడానికి ఆ డిప్లొమా అవసరమే లేదు. జీసీపీ, అంటే ట్రయల్స్ పద్ధతిగా నడిపే నియమాల మీద ట్రైనింగ్ సర్టిఫికెట్ అడుగుతారు, అది ఆన్‌లైన్‌లో ఫ్రీగా చెయ్యొచ్చు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ల చెన్నై సంస్థ ఎన్‌ఐఈ, హెల్త్ రీసెర్చ్ బేసిక్స్ మీద ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో కోర్సు నడుపుతుంది, అది చేస్తే ఇంకా మంచిది.

పోల్చమన్నారు కాబట్టి పోలుస్తా. డబ్బు మొదటి రెండేళ్లూ కోఆర్డినేటర్ పనిలో తక్కువే, కాదనను, పద్దెనిమిది వేలంటే నేను చూసినంతలో మామూలే. కానీ కోర్సుకి వెళ్తే రెండు లక్షల పదివేలూ, హాస్టలూ మీ జేబులోంచి పోతాయి, ఇక్కడ ఎదురు వాళ్లే ఇస్తారు. రెండేళ్లు సైట్‌లో, అంటే ట్రయల్ జరిగే ఆస్పత్రిలో చేసిన పిల్లని, ఆస్పత్రులు తిరిగి ట్రయల్ రికార్డులు తనిఖీ చేసే మానిటర్‌గా కంపెనీలు సంతోషంగా తీసుకుంటాయి, ఎందుకంటే ఆస్పత్రిలో ఫైలు ఎలా తయారవుతుందో తనకి తెలుసు. డేటా వైపు వెళ్లాలన్నా అప్పుడు వెళ్లొచ్చు. ఒక్కటి మాత్రం ముందే తెలిసి ఉండాలి, మందు రాసేదీ, ట్రయల్‌కి బాధ్యుడిగా సంతకం పెట్టేదీ వైద్యం చదివిన డాక్టర్లే. ఫార్మ్ డి వాళ్లకి ఆ కుర్చీ రాదు. అది కావాలనుకుంటే నిరాశ తప్పదు.

మానిటరైతే ఊళ్లు తిరగాలట, ఆడపిల్ల, పెళ్లి అని కూడా రాశారు. సార్, స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టులు చేసి ఆ పిల్లని మీరే ఆరేళ్లు చదివించారు. చదివించినప్పుడు లేని భయం ఉద్యోగం చేస్తానన్నప్పుడు ఎందుకొచ్చింది? ఆ తిరుగుడు రెండు మూడేళ్ల తర్వాత మాట, అప్పుడు తనే తేల్చుకుంటుంది. ఇప్పుడు అడిగింది వైజాగ్‌లో, ఇంట్లోంచి బస్సులో వెళ్లొచ్చే ఉద్యోగం.

చెయ్యాల్సింది ఇదీ. సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ ఉంటాయి, 2009 నుంచి రిజిస్టర్ చెయ్యడం తప్పనిసరి. విశాఖపట్నం అని వెతికి, ఏ ఆస్పత్రిలో ఏ జబ్బు మీద ట్రయల్ నడుస్తోందో, ఏ డాక్టర్ కింద నడుస్తోందో అమ్మాయిని రాసుకోమనండి. తనకి వచ్చిన ఆఫర్ కూడా ఆ లిస్టులో ఉన్న సైట్‌దేనా చూసుకోమనండి, లేకపోతే అనుమానించాలి. ఒక్క రోజు వెళ్లి అక్కడి పాత కోఆర్డినేటర్‌తో మాట్లాడి, ఒక మనిషి ఎన్ని ట్రయల్స్ చూస్తున్నారో అడగాలి. ఆరేడు ఒక్కరి నెత్తినే ఉంటే అక్కడ పని నేర్చుకోవడం కష్టం, తప్పులు మాత్రం తన పేరు మీద పడతాయి. జీతం ఇచ్చేది ఆస్పత్రా, ఆస్పత్రి తరఫున ట్రయల్ పనులు చూసే మధ్యలోని సైట్ మేనేజ్‌మెంట్ కంపెనీనా తెలుసుకోవాలి. ఇంటర్వ్యూకి నాన్నమ్మ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లమనండి. బాండ్ ఏదైనా ఉంటే మీరూ పక్కన కూర్చుని చదవండి, ఏడాదికి మించితే ఒప్పుకోవద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు, జెరాక్సులు చాలు.