కాజీపేటల పాత ఇల్లు కొంటున్నరా? ఆ ఇంటి ఆడబిడ్డను అడిగిన్రా?

రోజూ సికింద్రాబాద్ పోయి వచ్చే ఉద్యోగం, కాజీపేటల పాత ఇండిపెండెంట్ ఇల్లు కొనాల్నా, హన్మకొండల కొత్త ఫ్లాటు తీసుకోవాల్నా అని అడిగిన్రు. నా జవాబు ఒక్కటే: పాత ఇల్లే. స్టేషనుకు నడిచిపోయే దూరంల దొరికితే ఇంకేం ఆలోచించకండి.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకనే ఇస్తరు కాబట్టి మనకు ఆ సౌలతు ఉన్నది. అయినా పోనురాను నాలుగైదు గంటలు బండిలనే పోతయి. దానికి తోడు హన్మకొండల ఉండి, పొద్దుపొద్దున చౌరస్తాల ఆటో కోసం నిలబడి, ఫాతిమానగర్ బ్రిడ్జి దాటి వచ్చుడంటే మనిషి ఆరు నెలల్ల సగమైతడు. కాజీపేటల బాపూజీనగర్ దిక్కో, విష్ణుపురి దిక్కో చిన్న ఇల్లైనా మేలు.

రేట్ల సంగతి చెప్తే కడుపు మండుతది. కోచ్ ఫ్యాక్టరీ పేరు చెప్పి గజానికి ఇంత, మామునూరు ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇంకింత. 2023 జూలైల అయోధ్యాపురం దగ్గర రైల్వే ఫ్యాక్టరీ పనులకు శంకుస్థాపన అయిన కాడికెల్లి, పెచ్చులూడిన పెంకుటింటికి కూడ అదే పాట. మీరు కొనేది ఇల్లు, ఫ్యాక్టరీ కాదు. బేరమాడండి.

ఇగ అసలు మాట. కాజీపేట పాత కాలనీలల్ల చానా ఇండ్లు రైల్వే ఉద్యోగులు అప్పు సప్పు చేసి, పీఎఫ్ తీసి కట్టుకున్నయి. ఆ పెద్దమనుషులు ఒక్కొక్కరు పోతున్నరు. పిల్లలు హైదరాబాద్‌లనో అమెరికాలనో ఉండి అమ్ముతున్నరు. అమ్మేది కొడుకులు. ఆడబిడ్డల మాట ఎవ్వరూ ఎత్తరు.

నేను కొన్నది గూడ అసొంటి ఇల్లే. తల్లిదండ్రులిద్దరూ పోయిన్రు, వీలునామా లేదు, ఇద్దరు కొడుకులు అమ్మకానికి పెట్టిన్రు. ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాయితం, తీస్తే శుభ్రంగ ఉన్నది. ఇంటి పన్ను పెద్దకొడుకు పేరు మీదికి మారింది. మధ్యవర్తి బయానా ఇయ్యమని ఒకటే తొందర. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే పక్కన గోడ మీద, సున్నం కింద మసక మసకగ పెండ్లి రాత కనబడ్డది. మన దిక్కు పెండ్లికి గోడల మీద రంగులతోని రాపిస్తరు గద, అదే. చి.ల.సౌ. అని, ఆ తర్వాత ఒక ఆడపిల్ల పేరు. ఎవరని అడిగిన.

"మా అక్క. జమ్మికుంటల ఉంటది. ఆమెకు ఇచ్చేది పెండ్లప్పుడే ఇచ్చినం, ఆమెతోని మీకేం పని లేదు" అన్నడు చిన్నోడు.

పని ఉన్నదనే నేను బండెక్కి జమ్మికుంట పోయిన. ఆమె వాకిట్ల మిరపకాయలు ఆరబోస్తున్నది. ఇల్లు అమ్ముతున్న సంగతే ఆమెకు తెల్వదు. కొంగుతోని చేతులు తుడుచుకుంట చానాసేపు మాట్లాడలే. తర్వాత చెప్పింది: "ఆ స్లాబు పోసినప్పుడు నాకింకా పెండ్లి కాలేదన్నా. నాయిన డ్యూటీల ఉండె, తమ్ముండ్లు చిన్నోళ్లు. స్లాబు మీద మళ్లు కట్టి, చేదబాయిల నీళ్లు తోడి నిచ్చెన మీదికెల్లి మోసి పోసింది నేనే. అడిగితే సంతకం పెట్టకపోదునా? అడగాలె గద!"

ఆమె సంతకం లేకుంటే బయానా ఇయ్యనని తమ్ముండ్లకు చెప్పిన. కోపానికొచ్చిన్రు. మధ్యవర్తి నన్నే తిట్టిండు, చేతికొచ్చిన బేరం చెడగొట్టుకుంటున్నవన్నడు. కొన్నాళ్లు మాటల్లేవు. చివరికి వాళ్లే ఫోన్ చేసిన్రు. పైసలు మూడు భాగాలు చేసి, ఆమె భాగానికి ఆమె పేరు మీదనే చెక్కు రాసిన. రిజిస్ట్రేషన్ నాడు తమ్ముండ్లతోని పాటు ఆమె కూడ ఫొటో దిగింది, వేలిముద్ర వేసింది.

కట్నం ఇచ్చినం కాబట్టి వాటా లేదనే మాటకు చట్టంల చోటు లేదు. తండ్రి సొంతంగ సంపాదించిన ఇల్లు, వీలునామా రాయకుండ పోయిండంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. ఎన్టీఆర్ తెచ్చిన, 1985 నుంచి అమలైన సవరణ, దేశమంతటికీ 2005ల వచ్చిన సవరణ ఆడబిడ్డలకు పిత్రార్జితంల హక్కు ఇచ్చిన సంగతి. ఈ రైల్వే ఇండ్లకు చానావరకు పాత చట్టమే సరిపోతది. కాజీపేటల అన్ని మతాలోళ్లు ఉన్నరు. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకూ బిడ్డా సమానమే. ముస్లింలకు లెక్క వేరు, కాని బిడ్డకు వాటా ఉన్నది.

ఈసీల ఇదంతా కనబడదు. రిజిస్టరైన కాయితాలే దాంట్ల వస్తయి. తండ్రి పోంగనే బిడ్డకు వచ్చిన హక్కు ఏ రిజిస్టర్లకూ ఎక్కదు. ఇంటి పన్ను రశీదుల పేరు మారితే హక్కు మారదు. నన్నడిగితే పాత ఇండ్ల పంచాయితీలన్నీ ఈ ఒక్క కాడనే పుడుతున్నయి. మంది మాత్రం వాస్తు చూస్తరు, ఈశాన్యం చూస్తరు, ఆడబిడ్డ ఎక్కడున్నదో చూడరు.

అందుకని మధ్యవర్తి మాట పక్కన పెట్టి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూపియ్యమనండి. మీసేవల దరఖాస్తు పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తది. దాంట్ల ఉన్న ప్రతి పేరూ బయానా కాయితం మీద ఉండాలె. ఎవరన్న వాటా వదులుకున్నమంటే నోటిమాట చెల్లదు, తెల్లకాయితమూ చెల్లదు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి తెమ్మనండి. రిజిస్ట్రేషన్ నాటికి వారసుల్ల ఒక్కరు రాకపోయినా బయానా మొత్తం వాపసు ఇయ్యాలని ఆ కాయితంలనే రాపిచ్చుకోండి. ఈ షరతుకు ఒప్పుకోనోళ్ల ఇల్లు ఎంత అగ్గువకొచ్చినా వద్దు, పక్క గల్లీల ఇంకోటి చూసుకోండి.