మీ ఆయన పంపిన గుర్రం కథ

ప్రశ్న: పెళ్లై ఏడాదిన్నర. కాపురానికి వచ్చిన నెలకే మామగారు బండి మీంచి పడి కాలు విరిగింది. తర్వాత మా ఆయన ఉద్యోగం పోయింది. మొన్న నాకు మూడో నెలలో అబార్షన్ అయింది. ‘నువ్వు అడుగుపెట్టిన వేళే అలాంటిది’ అంటున్నారు అత్తగారు. మా ఆయన ఆవిణ్ణి ఏమీ అనరు. హాల్లో కూర్చునే నాకు వాట్సాప్‌లో గుర్రం పోగొట్టుకున్న చైనా ముసలాయన కథ పంపి, అంతా మన మంచికే అన్నారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిస్తే మంచిదా?

జవాబు: పూజ చేయించాలనిపిస్తే చేయించుకో తల్లీ, కానీ దోషం నీదని ఒప్పేసుకుని మాత్రం వెళ్లకు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. నువ్వు గడప తొక్కిన ముహూర్తానికీ దానికీ సంబంధం లేదు.

అత్తగారి నోటి సంగతి తర్వాత. నాకు కోపం వచ్చింది మీ ఆయన మీద.

ఆ కథ నాకూ ఇష్టమే. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తి వూకి సమర్పించిన ‘హువాయినాన్‌జి’ గ్రంథంలోది. సరిహద్దులో ఉండే ముసలాయన గుర్రం అవతలి హూ తెగలవైపు పారిపోతుంది, కొన్ని నెలలకు మేలుజాతి గుర్రాన్ని వెంటబెట్టుకొస్తుంది, కొడుకు స్వారీ చేస్తూ పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటాడు, ఏడాదికి యుద్ధమొచ్చి సరిహద్దు జనంలో పదిమందికి తొమ్మిదిమంది పోతే, కుంటివాడు కాబట్టి ఆ కొడుకు తండ్రితోపాటు బతికిపోతాడు. అందులో గుర్రం ఏ కారణమూ లేకుండా పారిపోయిందనే రాశారు, ఆ ఇంట్లో కొత్తగా ఎవరు అడుగుపెట్టారని ఎవరూ వెతకలేదు. పైగా గుర్రం పోయినా, కొడుకు కాలు విరిగినా ఊరంతా వచ్చి పరామర్శించింది. ‘ఇదే మేలవుతుందేమో’ అన్నది ఆ నష్టం జరిగిన మనిషి, తన గుర్రం గురించీ తన కొడుకు గురించీ. పరామర్శకు వచ్చినవాళ్లు ఆ మాట అనలేదు.

మీ ఇంట్లో ఆ పరామర్శే లేదు. బిడ్డ ఆయనకీ బిడ్డే, కానీ రక్తం పోయి మంచాన పడింది నువ్వు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవలసిన మనిషి హాల్లోంచి మెసేజ్ పంపితే దాన్ని ఓదార్పు అని నేనెలా అనను? ఉద్యోగం పోయిన టెన్షన్‌లో ఉన్నారు, తన ఉద్యోగం గురించి అంతా మంచికే అనుకుంటే అనుకోనీ. నీ కడుపుకోతకు ఆ మాట అంటించే హక్కు ఆయనకు లేదు. తల్లి మాట మీరమని ఏ కొడుక్కీ నేను చెప్పను, కానీ ‘అమ్మా, ఆ మాట ఇంకోసారి అనకు’ అనడం తల్లిని ఎదిరించడం కాదు, కట్టుకున్నదాన్ని కాపాడుకోవడం. అది కూడా చేయని మనిషిని శాంతస్వభావుడు అని నువ్వు సర్దిచెప్పుకోకు.

అత్తగారు గుడికి వెళ్లిన వేళ చూసి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏడుపొస్తే ఏడుస్తూనే, ఇదంతా చెప్పు. ఫోన్‌లో టైప్ చేయకు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు ఆయన్నీ లోపలికి తీసుకెళ్లు, ఎందుకు జరిగిందో ఆయన చెవులతో ఆయనే వినాలి, ఇంటికొచ్చి అత్తగారికి చెప్పే పని కూడా ఆయనదే.