పేరు వెంట కాదు, పొలం వెంట వెళ్లు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ మామగారి నాన్నమ్మ రాసిపెట్టిన కాగితంలో మూడు సంగతులున్నాయి: ముగ్గురన్నదమ్ములు ఓడ దిగారని, వాళ్లలో ఒకరి భార్య చెరొకీ (అమెరికా ఆదివాసీ తెగ) రాకుమారి అని, ఇంటిపేరుకు ఒక రాజచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉందని. అమెరికాలో వర్జీనియా నుంచి కెంటకీకి వెళ్లిన కుటుంబాల్లో ఈ మూడు కథలూ చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. చెరొకీల్లో రాచరికమే లేదు. ఇంగ్లండులో రాజచిహ్నం ఇచ్చేది ఒక మనిషికి, అతని వారసులకు, ఇంటిపేరుకు కాదు. అయినా ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచు. అందులో ఉన్న వాగు పేరు, లింకన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) అన్న మాట రేపు అక్కరకొస్తాయి. పిల్లలకు వాళ్ల నాన్నవైపు వంశం నిజంగా తెలియాలని అడిగావు కాబట్టి, పని ఎలా సాగాలో వివరంగా రాస్తున్నాను.

ఓడ దిగిన అన్నదమ్ముల కాలం 1740 దగ్గర మొదలుపెట్టకు. అల్లుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. ఈయన ఆయన కొడుకే అని చెప్పే కాగితం చేతికొచ్చాకే పై తరం జోలికి వెళ్లాలి. కెంటకీ రాష్ట్రమంతటా మరణ నమోదు 1911లో మొదలైంది. ఆ పత్రాల్లో చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. వాటిని చెప్పినవారి పేరు కూడా ఉంటుంది, అది తప్పక చూడు. కొడుకు చెప్పిన తాత పేరుకూ, పక్కింటివారు చెప్పినదానికీ ఒకే విలువ ఇవ్వకూడదు. అక్కణ్ణుంచి జనాభా లెక్కలు పట్టుకో. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం ఉంటాయి. 1890వి దాదాపు పూర్తిగా పోయాయి, 1921లో నిప్పంటుకుంది. 1880లో ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాశారు. 1850లో మొదటిసారిగా ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ రాశారు, కానీ బంధుత్వం రాయలేదు. ఒకే ఇంట్లో ఒకే ఇంటిపేరుతో ఉన్న పిల్లలు మనవలో తమ్ముడి పిల్లలో కావచ్చు.

1850 దాటి వెనక్కి వెళ్లగానే నేల మారిపోతుంది. 1790 నుంచి 1840 వరకు ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్లంతా వయసుల వారీగా అంకెలు. 1810, 1820, 1830, 1840 లెక్కలను ఒకే కాగితం మీద వరసగా వేసుకుని, ప్రతి అంకెకూ ఒక మనిషిని కుదర్చడానికి ప్రయత్నించు. ఇక్కడొక గుంట ఉంది: 1820లో 16 నుంచి 18 ఏళ్ల మగపిల్లలకు విడిగా ఒక గడి పెట్టి, వాళ్లనే 16–26 గడిలో మళ్లీ లెక్కించారు. తెలియకపోతే లేని కొడుకొకడు పుట్టుకొస్తాడు. పైగా కెంటకీకి 1790, 1800 లెక్కలు మిగల్లేదు. ఆ లోటు తీర్చేవి పన్ను పుస్తకాలు.

పన్ను పుస్తకాలను చాలామంది పట్టించుకోరు. నా లెక్కన ఆ కాలానికి వాటిని మించిన ఆధారం లేదు. జనాభా లెక్క పదేళ్లకోసారి, పన్ను ఏటేటా. వర్జీనియాలో 1782 నుంచి భూమికి ఒక పుస్తకం, మనుషులకూ పశువులకూ ఇంకొకటి ఉన్నాయి (1808లో పన్ను వసూలు చెయ్యలేదు, ఆ ఏడు కనబడలేదని కంగారుపడకు). 21 ఏళ్లు నిండిన కొడుకు తన పేరుతో కనిపించడం మొదలవుతుంది. తండ్రి పేరు పోయి మరుసటేడు అక్కడ ఒక ఆడమనిషి పేరు వస్తే, ఆయన ఆ మధ్య చనిపోయాడని, ఆమె భార్య అయి ఉండొచ్చని అనుకోవచ్చు. కొన్ని పుస్తకాల్లో అధికారి ఏ రోజు ఎవరి ఇంటికి వెళ్లాడో తేదీ ఉంటుంది. ఒకే తేదీన ఉన్నవాళ్లు చాలావరకు ఇరుగుపొరుగు. కెంటకీ పుస్తకాల్లోనైతే పొలం ఏ వాగు మీద ఉందో, మొదట ఎవరి పేర పట్టా అయిందో కూడా రాస్తారు. ఒక్క ఏడాది చూసి వదిలెయ్యకు. వరసగా పాతికేళ్లు చూసి ఒక పట్టిక వేస్తే కుటుంబం కళ్లముందు కనిపిస్తుంది.

ఇప్పుడు కౌంటీ సంగతి. వర్జీనియాలోని షెనాండోవా లోయకు దక్షిణాన ఒక రైతు ఇల్లు కదలకుండా 40 ఏళ్లు ఉన్నాడనుకో. అతని కాగితాలు మొదట ఆరెంజ్ కౌంటీలో ఉంటాయి. 1738లో అగస్టాను విడదీస్తూ చట్టం చేశారు, అక్కడ కోర్టు నడవడం మొదలైంది 1745లో. తర్వాత బాటటాట్, 1772లో ఫిన్‌కాజల్, 1776 చివర ఆ ఫిన్‌కాజల్‌నే రద్దు చేసి మాంట్‌గమరీ, వాషింగ్టన్, కెంటకీ అని మూడు కౌంటీలు చేశారు. 1780లో ఆ కెంటకీ కౌంటీ జెఫర్సన్, ఫయెట్, లింకన్ అని మళ్లీ మూడైంది. కెంటకీ రాష్ట్రమైంది 1792లో. కాబట్టి "లింకన్ కౌంటీలో 1770లో పుట్టాడు" అని ఎవరైనా రాస్తే, అప్పటికి ఆ కౌంటీ లేదు. ఎవరి పేరైనా వెతికే ముందు ఆ ఏడాది ఆ చోటు ఏ కౌంటీ కిందుందో చూడు. న్యూబెరీ లైబ్రరీ తయారుచేసిన పాత కౌంటీ సరిహద్దుల పటాలు ఉచితంగా దొరుకుతాయి. కౌంటీ చీలినప్పుడు పాత పుస్తకాలు మాతృ కౌంటీలోనే ఉండిపోతాయి, కొత్తదానికి రావు.

ఇక భూమి. మన దస్తావేజుల్లో చెక్కుబందీ రాసినట్టే, వర్జీనియా, కెంటకీ దస్తావేజుల్లోనూ ఎవరి హద్దు ఎక్కడో రాస్తారు: తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరం నుంచి తూర్పుకు 40 డిగ్రీలు తిరిగి 120 పోల్స్, అక్కడ ఫలానావాడి హద్దు, అలా చుట్టి మళ్లీ ఓక్ చెట్టు దగ్గరికి. ఒక పోల్ 16.5 అడుగులు. నాలుగు పోల్స్ ఒక గొలుసు, అంటే 66 అడుగులు. మన పాత సర్వేల్లోని గంటర్ గొలుసూ అదే. 160 చదరపు పోల్స్ ఒక ఎకరం. గ్రాఫ్ కాగితం, కోణమాని తీసుకుని ఒక సెంటీమీటరుకు 20 పోల్స్ చొప్పున గీస్తే పటం ఇంచుమించు పదివేలలో ఒక వంతు స్కేలులో వస్తుంది. మొదలైన చోటికి గీత తిరిగి రాకపోతే, సాధారణంగా గుమాస్తా ఉత్తరం బదులు దక్షిణం రాసి ఉంటాడు, లేదా ఎత్తిరాసేటప్పుడు ఒక గీత వదిలేసి ఉంటాడు. ఒక్కో గీత దిక్కు మార్చి చూడు, అదే పొలానికి ముందు జరిగిన అమ్మకం దస్తావేజుతో పోల్చు. పటం కుదిరాక దాన్ని నేటి పటం మీద పెట్టి, వాగు వంపులు సరిపోయేదాకా కొద్ది డిగ్రీలు తిప్పాలి. అప్పటి దిక్సూచి చూపిన ఉత్తరం నేటి ఉత్తరం కాదు.

ఇంత శ్రమ ఎందుకంటే, పక్క పొలాలవాళ్లే వియ్యంకులు. పెన్సిల్వేనియా నుంచి గ్రేట్ వాగన్ రోడ్డు మీదుగా లోయలోకి, అక్కణ్ణుంచి కంబర్లాండ్ కనుమ దాటి కెంటకీకి జనం గుంపులుగా కదిలారు. కెంటకీలో మీ వాళ్ల పక్కనున్న నాలుగు కుటుంబాలు అంతకుముందు ఎక్కడున్నాయో తెలిస్తే, మీ వాళ్లను కూడా అక్కడే వెతకాలి. దస్తావేజు సాక్షులు, హామీదారులు, పక్క హద్దులవాళ్లు — ఈ పేర్లన్నీ ఒక విడి పుస్తకంలో ఎక్కించు.

కెంటకీలో భూమి చేతికి రావడానికి నాలుగు మెట్లు: వారెంటు (ఇన్ని ఎకరాలు తీసుకోవచ్చన్న అనుమతి), ఎంట్రీ (ఫలానా చోటు నాదని నమోదు), సర్వే (కొలత), గ్రాంటు (చివరి పట్టా). 1779 చట్టం కింద ముందే వచ్చి స్థిరపడ్డవాళ్లకు 400 ఎకరాలు, పక్కనే మరో 1,000 ఎకరాలు కొనుక్కునే మొదటి హక్కు ఇచ్చారు. గ్రాంటు తేదీ చూసి వచ్చిన తేదీ అనుకోకు, మధ్యలో ఏళ్లు గడిచేవి. 1600ల వర్జీనియాలో ఓడలో వచ్చిన మనిషికి 50 ఎకరాల చొప్పున ఇచ్చిన హెడ్‌రైట్లలోనూ ఇదే చిక్కు: ఆ హక్కుల్ని కొనేవారు, అమ్మేవారు. పట్టాలో పేరున్నవాడు ఆ ఏడే ఓడ దిగాడని చెప్పలేం. ఈ పత్రాలు కెంటకీ ల్యాండ్ ఆఫీసువి, లైబ్రరీ ఆఫ్ వర్జీనియావి ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మరోమాట: ఒకే పొలానికి వరస రోజుల్లో రెండు దస్తావేజులు, మొదటిది ఐదు షిల్లింగులకు కనిపిస్తే బెదరకు. అది లీజు, మర్నాటిది రిలీజు. రెండూ కలిపితే ఒక అమ్మకం. అసలు ధర రెండోదానిలో ఉంటుంది.

ఆడవాళ్ల పేర్లు దొరికేదీ ఇక్కడే. భర్త భూమిలో మూడోవంతు మీద భార్యకు జీవితకాల హక్కు ఉండేది. అందుకని అమ్మేటప్పుడు మేజిస్ట్రేట్లు ఆమెను భర్త లేనిచోట విడిగా అడిగి, ఇష్టపూర్వకంగా వదులుకుంటోందని రాసేవారు. ఆమె పుట్టింటి పేరు మాత్రం అక్కడ ఉండదు. దానికి పెళ్లి బాండు (పెళ్లికి అడ్డేమీ లేదని డబ్బు హామీతో రాసే పత్రం) చూడాలి. హామీగా నిలిచినవాడు చాలాసార్లు పెళ్లికూతురి తండ్రో అన్నో అయ్యేవాడు. బాండు పెళ్లికి ముందు రాసేది, అది ఒక్కటే పెళ్లి జరిగిందనడానికి రుజువు కాదు.

వీలునామా దొరికితే అందరూ సంబరపడతారు. వీలునామా లేని మరణమే మనకు ఎక్కువ ఉపయోగం. ఆస్తి పంపకంలో కూతుళ్లు, అల్లుళ్లు అందరూ పేరుపేరునా వస్తారు. వర్జీనియాలో 1787కు ముందు మాత్రం వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుక్కే వెళ్లేది. అందుకే కొన్ని వీలునామాల్లో పెద్దవాడి ఊసే ఉండదు, పేరు లేదని కొడుకు లేడనుకోకు. వారసులు కొట్లాడుకున్న చాన్సరీ (ఆస్తి తగాదాల్లాంటివి విచారించే కోర్టు) దావాలు దొరికితే నీ అదృష్టం: మూడు తరాల బంధుత్వం సాక్షుల నోటే వస్తుంది. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాటికి సూచిక పెట్టింది. ఆ కాగితాల్లో "ఇన్‌ఫెంట్" అంటే 21 నిండనివారు, "ఆర్ఫన్" అంటే తండ్రి లేనివారు. తల్లి బతికే ఉండొచ్చు.

ఎక్కువమంది బోల్తాపడేది ఒకే పేరున్న ఇద్దరి దగ్గర. ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులు కారు. జూనియర్, సీనియర్ అని ఉన్నా తండ్రీకొడుకులు కానక్కర్లేదు. ఆ ఊళ్లో ఒకే పేరున్నవాళ్లలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. పెద్దవాడు చనిపోతే చిన్నవాడు సీనియర్ అయిపోతాడు. ప్రతి విలియంనూ అతని వాగు, భార్య, పొరుగువారు, సంతకం పెట్టాడా వేలిముద్రలాంటి గుర్తు గీశాడా — వీటితో విడదీసి, ఒక్కొక్కరికీ ఒక కాగితం పెట్టు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు ఉంటే పింఛను ఫైలు తెరువు. 1832 చట్టం కింద కనీసం ఆరు నెలలు పనిచేసినవాళ్లు కౌంటీ కోర్టులో ప్రమాణం చేసి, ఎక్కడ పుట్టారో, ఎప్పుడు ఎక్కడికి మారారో చెప్పుకున్నారు. చనిపోయిన సైనికుల భార్యలు పెళ్లి రుజువు చెయ్యడానికి కుటుంబ బైబిల్లోంచి పుటలు చించి పంపారు. ఫైలు నంబరు ముందు ఆర్ అక్షరం ఉంటే తిరస్కరించారని అర్థం. అలాంటివి వదలకు, గెలవాలని మరింత సాక్ష్యం పెట్టినవి అవే. 1800 నవంబరులో యుద్ధశాఖ ఆఫీసు కాలిపోయింది, అంతకుముందు పెట్టిన దరఖాస్తులు మిగల్లేదు.

తేదీల్లో ఒక జాగ్రత్త. 1752కు ముందు ఆంగ్లేయ వలసల్లో సంవత్సరం మార్చి 25న మారేది. ఫిబ్రవరి 1731/32 అని రెండంకెలు కనిపిస్తే ఉన్నది ఉన్నట్టు రాసుకో, సరిదిద్దకు. క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖ) పుస్తకాల్లో ఆ కాలపు మొదటి నెల మార్చి.

కాగితాలు కాలిపోయిన కౌంటీలూ ఉన్నాయి. వర్జీనియాలో బకింగ్‌హామ్ కౌంటీ కోర్టు 1869లో కాలింది. హానోవర్ కాగితాలు భద్రత కోసం రిచ్‌మండ్‌కు పంపితే 1865లో అక్కడే కాలాయి. మీ వాళ్లు అలాంటి చోట తేలితే రాష్ట్రానికి వెళ్లిన ప్రతులు చూడు: పట్టాలు, పన్ను పుస్తకాలు, పక్క కౌంటీల దస్తావేజులు.

ఆస్తి జాబితాల్లో పశువుల పక్కన, మంచాల పక్కన బానిసల పేర్లు కనిపిస్తాయి. దాటేయకు. ప్రతి పేరూ, వయసూ, ఎవరికి పంచారో రాసి, వెతికేవాళ్లకు కనిపించేలా పెట్టు. 1870కి ముందు వాళ్లలో చాలామంది జనాభా లెక్కల్లో పేరుతో లేరు. వాళ్ల మునిమనవలకు ఉన్న దారి ఈ యజమానుల కాగితాలే. ఆ పని చెయ్యడం మనకు బాధ్యత.

డిఎన్ఏ పరీక్ష గురించి అడిగావు. మామూలు పరీక్షలో నాలుగో తరం కజిన్లలో దాదాపు సగంమందికి పోలికే కనబడదు, 1740ల మనిషిని అది పట్టివ్వదు. మీ మామగారు ఒప్పుకుంటే వై-డిఎన్ఏ చేయించండి. మగ వరసలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాబట్టి, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకటో కాదో తేలుతుంది. ముగ్గురన్నదమ్ముల్లో ఎవరి సంతానమో మాత్రం అది చెప్పలేదు.

ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాలు దారి వెతకడానికి చూడు, రుజువుగా తీసుకోకు. వందమంది రాసినా అందరూ ఒకరి దగ్గరే ఎత్తిరాసి ఉండొచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశాల వెబ్‌సైట్ ఉచితం. అందులో చేతిరాత దస్తావేజుల్లోని ప్రతి మాటనూ వెతికే సౌకర్యం వచ్చింది. అసలు పేరుతో దొరక్కపోతే వాగు పేరు, పొరుగువాడి పేరు కొట్టి చూడు. సూచికలో ఎక్కని సాక్షులు అలా బయటపడతారు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. లింకన్ కౌంటీ పన్ను పుస్తకాలు మొదటి ఏడాది నుంచి 1820 వరకు చూసి, మీ ఇంటిపేరున్న ప్రతివాడినీ వాగు పేరుతో సహా పట్టిక వెయ్యి. అక్షరాలు అర్థంకాని పుటలుంటే ఫొటో తీసి పంపు, చదివి పెడతాను. పొలం గ్రాంటు దొరికితే దాని పటం నేను గీసి పంపుతాను.

అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు.

మీ మామయ్య