దగ్గుతో వచ్చినా హెచ్‌సీజీ టెస్ట్ రాయి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నువ్వు ట్రోఫోబ్లాస్టిక్ క్లినిక్‌లో చేరుతున్నావని చెప్పాడు. "గర్భం వల్ల వచ్చే క్యాన్సరట కదక్కా, ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కోసం మళ్లీ రెండేళ్ల చదువా" అని వాడి గోల. వాడి మీద నాలుగు కేకలేసి ఫోన్ పెట్టేశాను గానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. గర్వంగానే ఉంది. గర్వంతో పాటు భయం కూడా వచ్చి కూర్చుంది.

నీకు తెలిసినవి ముందు చెప్పేసి పక్కన పెడతాను. ముత్యాల గర్భం, అదే బిడ్డ బదులు నీటి బుడగల గుత్తులు పెరిగే గర్భం అయితే సక్షన్‌తో తీసెయ్, పెథాలజీకి పంపు, ప్రెగ్నెన్సీ టెస్ట్ పట్టుకునే హార్మోను ఉందే, ఆ బీటా హెచ్‌సీజీ నార్మల్ అయ్యేదాకా వారం వారం చూడు, ఆ తర్వాత నెల నెలా చూడు, అన్నాళ్లూ మళ్లీ నెల తప్పకుండా మాత్రలో మరొకటో ఇవ్వు. మూడు వారాల్లో నాలుగు రీడింగులు ఉన్నచోటే ఉన్నా, రెండు వారాల్లో మూడు రీడింగులు పెరుగుతూ పోయినా మందు మొదలెట్టాల్సిందే. జబ్బు ఎంత మొండిదో చెప్పే స్కోరు 6 దాకా లో రిస్క్, 7 నుంచి హై రిస్క్. నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ చెప్తావు.

నా భయం ముత్యాల గర్భం గురించి కాదు. అది స్కాన్‌లో కనబడుతుంది, పేషెంటు ఫైల్లో పేరు రాసి ఉంటుంది. మామూలు కాన్పు అయి, బిడ్డనెత్తుకుని ఇంటికెళ్లిన మనిషి గురించే నా భయం.

ప్రాక్టీసు పెట్టిన ఏడో ఏడు అనుకుంటా. ఒకమ్మాయి, రెండో కాన్పు, నా చేతుల మీదే అయింది. నాలుగు నెలలకి వచ్చి బ్లీడింగ్ ఆగి ఆగి అవుతోందంది. పాలిస్తున్నావు కదా, హార్మోన్లు కుదురుకోవాలి అని మాత్రలు రాశాను. మూడు వారాలకి మళ్లీ వచ్చింది, ఈసారి దగ్గు కూడా. చేతిరుమాలు విప్పి చూపించింది, మడత మధ్యలో గోరంత నెత్తుటి మరక. ఎక్స్‌రే తీయిస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాను, ఆయన టీబీ మందులు మొదలెట్టాడు. హమ్మయ్య, ఇది మన డిపార్ట్‌మెంటు కాదు అనుకున్నాను. అవును, సరిగ్గా అలాగే అనుకున్నాను.

ఆ రోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "డాక్టరుగారూ, పొద్దున్నే వేవిళ్లలా ఉంటోందండీ" అంది. నేను నవ్వాను. చంటిదానికి పాలిస్తూ వేళకి తినకపోతే అలాగే ఉంటుంది, వెళ్లి కడుపునిండా తిను అన్నాను. యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ కార్డులు నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి. ఐదు నిమిషాల పని. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆవిడే చెప్పింది, అదీ నా ఎదురుగా నిలబడి.

ఐదు వారాలకి ఫిట్స్‌తో క్యాజువాలిటీకి తెచ్చారు. సీటీకి పంపేముందు, ఆడవాళ్లకి అలవాటుగా చేసేదే కదా అని ఒక హౌస్ సర్జన్ యూరిన్ టెస్ట్ చేశాడు. పాజిటివ్. మెదడులో రక్తస్రావం, కోరియోకార్సినోమా. మాయ కణాల్లోంచి పుట్టే క్యాన్సర్, మామూలు కాన్పు తర్వాతా వస్తుంది, హెచ్‌సీజీని అదే కారుస్తుంది. ఆ రాత్రే కీమో ఎక్కించారు. మూడో రోజు మెదడులో మళ్లీ రక్తం కారింది, అంతే. వరండాలో చంటిది అమ్మమ్మ ఒళ్లోంచి జారి పాకాలని చూస్తోంది. ఆరో నెల.

ఊపిరితిత్తుల దాకా పాకినా మందుకి లొంగే క్యాన్సర్ అమ్మలూ ఇది. 1956లోనే అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు కలిసి మెథోట్రెక్సేట్ అనే కీమో మందుతో అలాంటి మచ్చల్ని కరిగించి చూపించారు. అది చదివి పరీక్ష రాసి పాసయినదాన్నే నేను.

అందుకే చెప్తున్నా. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడమనిషి, ఎందుకో తెలియని బ్లీడింగ్‌తో వచ్చినా, నెత్తురు దగ్గినా, ఫిట్స్ వచ్చినా, లివర్లో ఏదో ఉందని స్కాన్ పట్టుకొచ్చినా హెచ్‌సీజీ రాయి. కాన్పయి ఏళ్లయింది అంటే వదిలెయ్యకు. ఇంట్లోవాళ్లని బయటికి పంపి, మధ్యలో అబార్షన్ ఏమైనా అయిందా అని మెల్లగా అడుగు, వాళ్ల ముందు చెప్పరు. నీ పక్కనున్న ఛాతీ డాక్టర్లకీ, న్యూరో వాళ్లకీ ఇది చెప్తూనే ఉండు, విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకోటి. యోనిలో ఊదారంగు గడ్డ కనిపిస్తే దాని జోలికి పోకు. చిన్నప్పుడు ఇంట్లో ఏ గడియారాన్నీ బతకనివ్వలేదు నువ్వు, నీ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. బయాప్సీ తీశావా, నెత్తురు ఆపలేక చస్తావు. మందు మొదలెట్టడానికి ముక్క అక్కర్లేదు, హెచ్‌సీజీ చాలు.

అలాగని ఆ నంబర్‌ని గుడ్డిగా నమ్మకు. స్కాన్‌లో ఏమీ లేకుండా రక్తంలో మాత్రం కొద్దిగా చూపిస్తుంటే మూత్రంలోనూ చూడు, అక్కడ లేకపోతే అది టెస్ట్ చేసిన మోసం కావచ్చు, ఏ జబ్బూ లేని మనిషికి కీమో ఎక్కిస్తావు. గర్భసంచి నిండా ముత్యాలున్నా నంబర్ తక్కువొస్తే, హార్మోను మరీ ఎక్కువై టెస్ట్ తడబడి ఉండొచ్చు, శాంపిల్ పలచన చేసి మళ్లీ చూడమని ల్యాబ్‌కి ఫోన్ చెయ్. హెచ్‌సీజీ తక్కువగానే ఉండి గడ్డ మాత్రం గర్భసంచిలో పాతుకుపోయి ఉంటే మాయ అతుక్కున్న చోట పుట్టే ప్లాసెంటల్ సైట్ ట్యూమర్ గుర్తుకు రావాలి. అది కీమోకి అంతగా లొంగదు, ఆపరేషనే దారి.

జబ్బు ఒళ్లంతా ఉన్న మనిషికి కంగారుపడి మొదటి రోజే ఐదు మందుల కీమో, ఆ ఈఎంఏ-సీఓ, పూర్తిగా ఎక్కించకు. గడ్డలన్నీ ఒక్కసారి చితికి నెత్తురు కారతాయి. తక్కువ డోసులో ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ ఒకటి రెండు వారాలు ఇచ్చి తర్వాత పెంచు. ఇక నార్మల్ వచ్చిందని రిపోర్టు చూసి ఆపమని బతిమాలతారు, నువ్వు కరిగిపోకు, పైన రెండు మూడు సైకిళ్లు పడాల్సిందే. హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపనని పట్టుబట్టే ఆ లీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

వాళ్లతో మాట్లాడేటప్పుడు కుర్చీ లాక్కుని కూర్చో. బిడ్డ పోయిందన్న దుఃఖం తీరకముందే క్యాన్సర్ అన్న మాట వినాలి వాళ్లు. అత్తగారు కోడల్నే అంటుంది, ఈ పిల్ల ఏం తిందో ఏం చేసిందో అని. పూర్తి ముత్యాల గర్భంలో క్రోమోజోములు దాదాపు ఎప్పుడూ తండ్రివైపువే. ఒకసారి ఒళ్లుమండి ఆ మాట అనేశాను, ఇంకో గొడవ లేచింది. నువ్వు అనకు. ఎవరి తప్పూ కాదని మాత్రం గట్టిగా చెప్పు, మళ్లీ అలాగే రావడం నూటికి ఒకరికే అని కూడా చెప్పు.

నా దగ్గర హెచ్‌సీజీ గీత గీసుకునే లాగ్ గ్రాఫ్ కాగితాలు ఒక కట్ట మిగిలాయి, పంపిస్తున్నాను. కంప్యూటరే గీస్తుందని తెలుసులే. మొదటి పేషెంటుది ఒక్కటి మాత్రం పెన్సిల్‌తో గీసి, గీత కిందికి దిగాక ఫోటో తీసి పంపు. వేళకి తిను. ఆ అమ్మాయికి చెప్పిన మాటే నీకూ చెప్తున్నానని ఇప్పుడే గమనించాను.

నీ అత్తయ్య