సమాధానం: చూడి గుర్రానికి పొట్ట కింద వాపు

పదో నెల చూడితో ఉన్న మీ గుర్రానికి పొట్ట కింద వాపు వచ్చిందని, నడిపిస్తే తగ్గుతుందా అని అడిగారు. దయచేసి నడిపించకండి. నెలలు నిండేటప్పుడు చేరే మామూలు నీరైతే నొప్పి ఉండదు, వేలితో నొక్కితే గుంట పడుతుంది, కాస్త తిరిగితే తగ్గుతుంది. మీది అలా లేదు. చెయ్యి వేయనివ్వకపోవడం, పొదుగు ముందుకు జరగడం, అందులోంచి నెత్తురు కలిసిన ద్రవం రావడం చూస్తే, పొట్ట కండరాలను కటి ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తెగుతోందని నా భయం. ఈ రోజే పశువైద్యుణ్ణి పిలిచి అల్ట్రాసౌండ్ చేయించండి. కవలలున్నా, ఉమ్మనీరు ఎక్కువైనా ఆ పరీక్షలో తెలుస్తుంది. అప్పటిదాకా కొట్టంలోనే ఉంచండి. పొట్టకు ఊతంగా కట్టే పట్టీ వైద్యుడి చేతే వేయించండి. ఈనేటప్పుడు గుర్రం గట్టిగా ముక్కలేకపోవచ్చు, కాబట్టి పిల్లను లాగగలిగిన వైద్యుడు దగ్గరుండాలి. గండం గడిచినా మళ్లీ చూడి కట్టించకండి.