‘గైస్’ అంటే మగపిల్లలేనా? ఆడపిల్లలనీ అలా పిలవొచ్చా?

పిలవొచ్చు. ‘గై’ అని ఏకవచనంలో అంటే మాత్రం మగవాడే. మా బరంపురం వైపు ‘గుంటడు’ అన్నట్టు చనువు మాట, కాకపోతే వయసుతో పనిలేదు, నలభై ఏళ్ళాయన కూడా గైయే.

బహువచనంలోనే తిరకాసు. మొన్న మా మేనకోడలు వాట్సాప్ గ్రూపులో ‘హాయ్ గైస్, రేపు ట్యూషన్ లేదు’ అని పెట్టింది. గ్రూపులో ఉన్న అయిదుగురూ ఆడపిల్లలే! వాళ్ళ తాతగారు నవ్వారు గానీ అందులో తప్పేం లేదు. మన ఆడపిల్లలు ఒకరినొకరు ‘ఏంట్రా’ అనుకోవడం లేదూ, అదే వరస. అదే ‘టూ గైస్ వచ్చి అడిగారు’ అంటే ఇద్దరు మగవాళ్ళనే అర్థమవుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళని పిలిస్తే అందరూ, ఎవరి గురించో చెబితే మగవాళ్ళు అనుకోండి. కొందరు ఆడవాళ్ళకి ఈ పిలుపు నచ్చదు, అక్కడ ‘ఎవ్రీవన్’ అంటే గొడవ ఉండదు.

ఈ మాట పుట్టింది ఒక మనిషి పేరు నుంచి. 1605లో లండన్ పార్లమెంటును మందుగుండుతో పేల్చబోయి నవంబర్ 5న దొరికిపోయిన గై ఫాక్స్ పేరది. ఏటా ఆ రోజున తగలబెట్టే దిష్టిబొమ్మని ‘గై’ అన్నారు, తర్వాత వింతగా, చిందరవందరగా బట్టలు వేసుకున్నవాణ్ణి అన్నారు. అమెరికా వెళ్ళేసరికి తిట్టు పోయి ఉత్త మగవాడు మిగిలాడు.

ఇంటర్వ్యూలోనో, హెడ్‌మాస్టరుకి రాసే ఉత్తరంలోనో వాడకండి. ‘లాడ్స్’ అని బ్రిటిష్ వాళ్ళు అనేది మాత్రం ఎక్కువగా కుర్రాళ్ళనే.